ఎర్రగీత పడిన మాటలు

నా పదవీ విరమణ రోజున ఆఫీసులో మాట్లాడినవాళ్ళు చాలా మంచి మాటలు చెప్పారు. గనుల ఏరియా ఆఫీసులో కంప్యూటర్ విభాగం మొదలైనప్పటి నుంచీ విజయ మేడం ఉన్నారని, ఏ నెలా జీతాల బిల్లు ఆగలేదని అన్నారు. కొబ్బరికాయ, శాలువా ఇచ్చి ఫొటో తీశారు. నేను ఎక్కువ ఇష్టపడి చేసిన పని గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అక్కడున్నవాళ్ళెవరికీ తెలియదు గనక వాళ్ళ తప్పేమీ లేదు. నేనే ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆ పని గురించే ఇక్కడ రాస్తున్నాను. ఈ మధ్య ఇంజనీరింగ్ పిల్లలు కొందరు మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో నన్ను కలిసినప్పుడు, ఓపెన్ సోర్స్‌లో ఎలా అడుగుపెట్టాలి మేడం అని అడుగుతున్నారు. పద్ధతులన్నీ వాళ్ళకు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. దొరకనివి కొన్ని ఉన్నాయి, అవి చెబుతాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఓపెన్ సోర్స్ అంటే, ఒక ప్రోగ్రాం లోపలి రాతను, అంటే కోడ్‌ను, అందరూ చూసేలా బయట పెట్టడం. ఎవరైనా తీసుకోవచ్చు, వాడుకోవచ్చు. తప్పు కనిపిస్తే దిద్ది, ఆ దిద్దుబాటును తిరిగి పంపవచ్చు. ఆ దిద్దుబాటునే ప్యాచ్ అంటాం. దాన్ని చదివి, బాగుంటే లోపలికి తీసుకొని, బాగులేకపోతే వెనక్కి పంపే మనిషిని మెయింటెయినర్ అంటాం. నేను పనిచేసిన ప్రాజెక్టు పేరు ‘ఒత్తు’. అది తెలుగు రాతను హిందీ, మరాఠీ రాసే దేవనాగరి అక్షరాల్లోకి, దేవనాగరిలో రాసిన తెలుగును తెలుగు లిపిలోకి మారుస్తుంది. తెలుగులో అక్షర దోషాలుంటే ఆ మాట కింద ఎర్రగీత గీస్తుంది.

కంటి శిబిరం

మా నాన్న మంచిర్యాల వైపు నుంచి లాల్‌పేట్ గనిలో పనికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, మరాఠీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు నాన్న నేర్పారు గనక వచ్చాయి. మా వాడలో చాలామందికి రావు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగులోనే తిట్టుకుంటారు, చదవమంటే మాత్రం మరాఠీయే చదువుతారు. మా అమ్మ కూడా అంతే.

ఒకసారి మా వాడ తెలుగు సంఘం వాళ్ళు పెద్దవాళ్ళ కోసం ఉచిత కంటి పరీక్ష శిబిరం పెట్టారు. నోటీసు తెలుగులోనే ఉండాలి, కానీ అందరూ చదవగలగాలి అన్నారు. అంటే తెలుగు మాటలు, మరాఠీ అక్షరాలు. ఆ పని నా మీద పడింది. ఇంటర్నెట్‌లో వెతికితే ‘ఒత్తు’ కనిపించింది. నోటీసు తెలుగులో శుద్ధంగా రాసి అందులో వేశాను. అది క్షణంలో దేవనాగరిలోకి మార్చి ఇచ్చింది. నేను పైపైన చూసి ప్రింటింగుకు పంపాను.

ఆదివారం ఉదయం డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. కుర్చీలన్నీ ఖాళీ. ఎంతసేపు చూసినా వాడలోంచి ఒక్క ముసలాయన రాలేదు. చివరికి నేను మా పక్కింటి పోశం మామ దగ్గరికి వెళ్ళాను. ఆయనకు చూపు మసకబారి చాలా కాలమైంది, ముందుగా వస్తాడనుకున్న మనిషి. తలుపు కొద్దిగా తెరిచి నన్ను చూసి, లోపలికి రమ్మన్నాడు.

“నా ఇంట్ల కల్లు లేదు బిడ్డా. కావాలంటె చూసుకో,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన మనవరాలు గోడ మీద అంటించిన నోటీసు చూపించింది. నేను రాసిన వాక్యం, ‘మీ కళ్ళు ఉచితంగా పరీక్ష చేయబడును’. అచ్చయిన వాక్యం, ‘మీ కల్లు ఉచితంగా పరీక్ష చేయబడును’. ప్రోగ్రాం ‘ళ’ అన్నచోటల్లా ‘ల’ పెట్టేసింది. అప్పుడు మా జిల్లాలో మద్యనిషేధం అమల్లో ఉంది. సరిహద్దు అవతలి నుంచి ఎవరైనా చాటుగా ఒక సీసా తెచ్చుకుంటే అది నేరం. వాడంతా ఆ నోటీసు చదివి, ఇది పోలీసుల ఎత్తు అని తలుపులు వేసుకుంది.

ఆ రోజు నేను, సంఘం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. మధ్యాహ్నానికి కుర్చీలు నిండాయి. పోశం మామకు శుక్లం ఉందని తేలింది, తర్వాత ఆపరేషన్ కూడా అయింది. డాక్టరుగారు నవ్వుతూనే వెళ్ళారు. నేను మాత్రం ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. అమ్మ సంగతంతా విని, చాలాసేపు నవ్వి, తర్వాత ఒక మాట అడిగింది.

“కండ్లు అని రాస్తె అయిపోతుండె గద. మనింట్ల ఎవరన్న కళ్ళు అంటరా?”

నిజమే. మేం కండ్లే అంటాం. నేను పుస్తకాల తెలుగు రాయాలని కళ్ళు అని రాశాను. ఆ మాటను ఆ రోజు పట్టించుకోలేదు. అప్పటికి నా కోపమంతా ‘ళ’ మీదే ఉంది.

మొదటి ప్యాచ్

‘ఒత్తు’ పేజీలో ఫిర్యాదులు రాసే చోటు ఉంది. జరిగిందంతా రాశాను. కల్లు సంగతి, మద్యనిషేధం సంగతి, ఖాళీ కుర్చీల సంగతి, కొంచెం ఘాటుగానే రాశాను. మర్నాడు జవాబు వచ్చింది. రాసింది రామ్మూర్తిగారు, ఆ ప్రాజెక్టు మెయింటెయినర్. విజయవాడలో ఉంటారు, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ‘మీ ఫిర్యాదు సరైనది. ఏ అక్షరానికి ఏ అక్షరం రావాలో చెప్పే పట్టిక తయారుచేసినవాళ్ళకు హిందీ వచ్చు, మరాఠీ రాదు. కోడ్ చూస్తారా? మీరే దిద్దగలరేమో.’

నన్ను అలా ఎవరూ అడగలేదు అంతకు ముందు. ఆఫీసులో పైనుంచి పని వస్తుంది, మనం చేస్తాం. ఎవరో తెలియని మనిషి, నా అర్హత ఏమిటో అడగకుండా, తన ఇంటి తాళం ఇచ్చి లోపలికి వెళ్ళి చూడండి అన్నట్టుగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఓపెన్ సోర్స్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ వాక్యమే.

చూశాను. తప్పు చిన్నదే, పట్టికలో ఒక్క వరుస. ‘ళ’కు ఎదురుగా, హిందీలో లేకపోయినా మరాఠీలో ఉన్న ‘ళ’ అక్షరం పెట్టాలి. కానీ నాకు అప్పటికి ప్రోగ్రాములు రాసి చాలా అనుభవం. ఆ కోడ్ అంతా చిందరవందరగా కనిపించింది. వరుస దిద్దుతూ పట్టికను మొత్తం తిరిగి అమర్చాను, కొన్ని పేర్లు మార్చాను, ఇంకో రెండు చోట్ల నాకు వికారంగా అనిపించినవి శుభ్రం చేశాను. గర్వంగా పంపాను.

వెనక్కి వచ్చింది. ‘ఇందులో చాలా పనులున్నాయి. నాకు ఒకటి చాలు,’ అని ఒకే వాక్యం.

కోపం వచ్చింది. రెండు రోజులు దాని వైపు చూడలేదు. తర్వాత మిగతావన్నీ తీసేసి ఆ ఒక్క వరుస పంపాను. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇది దిద్దాక మళ్ళీ ఎవరూ చెడగొట్టకుండా ఉండటానికి పరీక్ష ఏదీ అని అడిగారు. అంటే, ‘కళ్ళు’ ఇస్తే ‘కళ్ళు’ రావాలి, ‘కల్లు’ ఇస్తే ‘కల్లు’ రావాలి అని ప్రోగ్రాం తనను తాను చూసుకునే చిన్న కోడ్. అదీ రాశాను. అప్పుడు ఇంకో ప్రశ్న. హిందీ మాత్రమే వచ్చినవాళ్ళు ఈ అక్షరాన్ని గుర్తుపడతారా? నేను రాశాను: గుర్తుపట్టకపోతే ఎవరినైనా అడుగుతారు. కళ్ళను కల్లుగా చదివినవాళ్ళు అడగరు, తలుపు వేసుకుంటారు. అది చదివి ఆయన ప్యాచ్ లోపలికి తీసుకున్నారు.

ఇప్పుడు మీకు చెప్పవలసింది ఇది. మీ మొదటి ప్యాచ్ వెనక్కి వస్తుంది. వస్తే మీ చదువునో తెలివినో ఎవరో తక్కువ చేశారని అనుకోకండి. మీరు పంపినదాన్ని ఒక మనిషి కూర్చొని, ప్రతి వరుసా చదివి, ఆలోచించి, ప్రశ్న రాశాడు. నా ఆఫీసు జీవితం మొత్తంలో నేను రాసిన కోడ్‌ను అంత శ్రద్ధగా చదివినవాళ్ళు లేరు. అది అవమానం కాదని, మర్యాద అని అర్థం కావడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఆ రోజుల్లోనే మా ఆఫీసరుగారు ఒకాయన, మరాఠీ మనిషి, భోజనాల వేళ నేను ఇదంతా చేస్తుండటం చూసి, ఈ పని నీకు ఎవరు చెప్పారు అని అడిగారు. ఎవరూ చెప్పలేదన్నాను. మరి ఎవరి కోసం అన్నారు. మా పక్కింటి ముసలాయన కోసం అన్నాను. ఆయన నా కోసం టీ తెప్పించారు.

ప్రణాలి

నేను అలా చిన్న చిన్న దిద్దుబాట్లు చేస్తూ ఉండగా ప్రణాలి పరిచయమైంది. రాజురా దగ్గర పల్లెలో తెలుగు రైతుల కుటుంబం. తరతరాలుగా ఇక్కడే ఉన్నారు. ఆ అమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. తన విద్యార్థులకు ఓపెన్ సోర్స్ గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచింది.

ఆ పిలుపు వల్ల ఒక చేదు అనుభవం కూడా కలిగింది. నా మాటలు విని వెళ్ళిన పిల్లల్లో కొందరు ఆ వారం ‘ఒత్తు’ మీద పడ్డారు. వివరాల పేజీలో ఒక కామా మార్చి పంపినవాడు ఒకడు, తన పేరు చేర్చి పంపినవాడు ఇంకొకడు. ఉద్యోగాల దరఖాస్తులో ఫలానా ప్రాజెక్టుకు పనిచేశాను అని రాసుకోవడానికి. రామ్మూర్తిగారు అవన్నీ చదివి, ప్రతి ఒక్కరికీ మర్యాదగా వద్దని చెప్పవలసి వచ్చింది. నేను సిగ్గుపడ్డాను. పిల్లలూ, మీరు పంపే ప్రతి పనికిరాని ప్యాచ్ ఎవరో ఒక పెద్దాయన సాయంత్రాన్ని తింటుంది. మీకు నిజంగా అవసరమైనదాన్ని దిద్దండి. అవసరం లేకపోతే ఇంకో ప్రాజెక్టు చూసుకోండి.

ప్రణాలి వాళ్ళలా చేయలేదు. దేవనాగరిలో తెలుగు టైపు చేసి, దాన్ని తెలుగు లిపిలోకి మార్చి సరిహద్దు అవతలున్న వాళ్ళ అమ్మమ్మ ఊరివాళ్ళకు మెసేజీలు పంపడం మొదలుపెట్టింది. కొద్ది రోజులకు నా దగ్గరికి వచ్చి ఫోను చూపించింది. నన్ను మరాఠీ వరసలో కాకు, అంటే పిన్ని, అని పిలుస్తుంది. ఏ వాక్యం చూసినా ఎర్రగీతలే.

“కాకు, గిది నా మాటలన్ని తప్పంటుంది. నేనేమన్న తప్పు రాసిన్నా?”

చదివాను. ‘అన్న వస్తుండు’, ‘గిట్ల చేస్తె బరోబర్ అయితది’, ‘పుంటికూర వండిన’. ఒక్క తప్పు కూడా లేదు. మేం రోజూ మాట్లాడే తెలుగే. ఆ రోజు అమ్మ అన్న ‘కండ్లు’ గుర్తొచ్చి, అదీ టైపు చేసి చూశాను. దాని కింద కూడా ఎర్రగీత పడింది.

తగవు

మా మాటలను ‘ఒత్తు’ నిఘంటువులో చేర్చమని ప్యాచ్ పంపాను. ఈసారి ఒక్క పనే, పరీక్షలతో సహా. రామ్మూర్తిగారి నుంచి జవాబు రాలేదు. కిరణ్ నుంచి వచ్చింది. కిరణ్ గుంటూరు వైపు అబ్బాయి, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ‘ఒత్తు’లో అక్షర దోషాల భాగం చాలావరకు అతనే రాశాడు. ‘తప్పుల్ని పట్టుకోవడానికే ఈ ప్రోగ్రాం. మాట్లాడే రూపాలన్నీ చేరిస్తే ఇక దేన్ని తప్పు అంటాం? పరీక్షలు రాసే పిల్లలు దీన్ని వాడుతున్నారు, వాళ్ళ సంగతేమిటి?’ అన్నాడు.

నేను జవాబు రాశాను. అతను మళ్ళీ రాశాడు. అలా రోజుల తరబడి సాగింది. ముఖం తెలియనివాళ్ళు మధ్యలోకి వచ్చారు. ఒకరు ‘ఇవి చదువు రానివాళ్ళ మాటలు, వీటికి నిఘంటువెందుకు’ అని రాశారు. దాన్ని కిరణ్ రాయలేదు, ఆ మాట చెప్పాలి. కానీ అది చదివినప్పుడు నాకు మా నాన్న గనిలోంచి వచ్చి, స్నానం చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ‘అ’ దిద్దించిన సాయంత్రాలు కళ్ళ ముందుకు వచ్చాయి. ఆయన జీవితమంతా మాట్లాడింది ఆ మాటలే. కంప్యూటర్ మూసేశాను.

“మనం అలగ్ పెట్టుకుందాం కాకు. వాళ్ళనడిగేదేంది?” అంది ప్రణాలి.

ఓపెన్ సోర్స్‌లో ఆ హక్కు ఉంది. కోడ్ మొత్తం ఎత్తుకొని వేరు కాపురం పెట్టవచ్చు. పెట్టాం. మా మాటలన్నీ చేర్చాం. మా వాడలో, రాజురాలో, కోర్పనాలో తెలిసినవాళ్ళందరికీ ఇచ్చాం. మొదట్లో ఎంతో సంతోషంగా ఉండేది. తర్వాత తర్వాత తెలిసింది, కాపురం అంటే ఏమిటో. కొత్త ఫోన్లలో ప్రోగ్రాం ఆగిపోయేది. అసలు ‘ఒత్తు’లో కిరణ్ దాన్ని వెంటనే దిద్దేవాడు. అతను దిద్దినదాన్ని మేం మా దాంట్లోకి తెచ్చుకోవాలి, తెచ్చుకుంటే మేం మార్చిన చోట్లతో తగవు పడేది. నా సమయమంతా దానికే సరిపోయేది. కొత్త మాట ఒక్కటి చేర్చే తీరిక లేదు. వేరుపడటం తప్పు అనను. కానీ వేరుపడిన మర్నాటి నుంచి అంట్లు తోమవలసింది కూడా మీరే అని తెలుసుకొని వేరుపడండి.

ఆ సమయంలో రామ్మూర్తిగారి మెయిల్ వచ్చింది. నాగపూర్‌లో కూతురింటికి వెళుతున్నానని, దారిలో మా ఊరి పక్కనున్న బల్లార్షాలో దిగి ఒక రోజు మా ఇంట్లో ఉంటే అభ్యంతరమా అని అడిగారు. కిరణ్‌ను కూడా రమ్మన్నానని చివర్లో రాశారు.

ఇద్దరు అతిథులు

నా ఊహలో రామ్మూర్తిగారు గంభీరమైన మనిషి. రైలు దిగింది మాత్రం సన్నగా, పొట్టిగా, చేతిలో నీళ్ళ సీసా, నెత్తి మీద తడి తువ్వాలుతో ఒక పెద్దమనిషి. మా ఎండల గురించి ఎవరో బాగా భయపెట్టి పంపారు. కిరణ్ ఇంకా నయం, రాతలో ఎంత పట్టుదలగా వాదిస్తాడో ఎదుట అంత మొహమాటం. మా గుమ్మంలో చెప్పులు విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. ప్రణాలి అతనితో మాట్లాడనని ముందే చెప్పింది. మంచినీళ్ళు ఇచ్చింది, అంతే.

కూలర్ ముందు కూర్చొని భోజనం చేశాం. అమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర వండింది. కిరణ్ ఇష్టంగా తిన్నాడు. గోంగూర చాలా బాగుందన్నాడు. అది పుంటికూర బిడ్డా అంది అమ్మ. అతను పేరు గుర్తుంచుకోవాలని కాబోలు, భోజనమయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి ఆ మాట రాసుకున్నాడు. పక్కనే కూర్చున్న అమ్మ తెర మీదికి వంగి చూసింది.

“గా ఎర్రగీత ఏంది?”

“ఆ మాట తప్పని అర్థం అమ్మమ్మా.”

“మరి ఇందాక తిన్నదేంది?”

ప్రణాలి పక్కకు తిరిగి నవ్వింది. కిరణ్ కూడా నవ్వాడు. కానీ అతను అంతటితో ఒప్పుకోలేదు, అది అతనిలో నాకు నచ్చిన విషయం. కూర పేరు చేరుద్దాం, అందులో తగవు లేదు, నా భయం వేరు అన్నాడు. తన చెల్లెలు ఉద్యోగాల పరీక్షలకు చదువుతోందని, వ్యాసంలో మాట్లాడే రూపం పడితే మార్కులు పోతాయని, ‘ఒత్తు’ ఎర్రగీత పెట్టకపోతే ఆ పిల్లకు ఎవరు చెబుతారని అడిగాడు. నేను అంతవరకు అతన్ని మా భాషంటే చిన్నచూపు ఉన్న మనిషిగానే అనుకున్నాను. అతని మనసులో ఉన్నది చెల్లెలు. నా మనసులో ఉన్నది నాన్న. ఇద్దరం అన్నాళ్ళూ తెర మీద వ్యాకరణం మాట్లాడుకున్నాం.

రామ్మూర్తిగారు ఖాళీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, మీ ప్యాచ్‌కు నేనెందుకు జవాబు రాయలేదో చెప్పనా అన్నారు.

“మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. మా అమ్మ ‘ఏటి సేస్తన్నావురా’ అనేది. నేను బడికి వెళ్ళి, ‘ఏం చేస్తున్నావు’ అనడం నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను. ఎంత బాగా అంటే, నా పెళ్ళిలో అమ్మ మాట్లాడుతుంటే పక్కకు తీసుకెళ్ళాను. మీ ప్యాచ్ చూసినప్పుడు వద్దని రాయబోయాను, చెయ్యి రాలేదు. సరేనని రాయాలన్నా రాలేదు. అలాగే ఉంచేశాను.”

అమ్మ ఆయన గ్లాసులో మజ్జిగ పోసింది.

దారి చూపింది కిరణే. నిఘంటువును పొరలుగా చేద్దాం అన్నాడు. వాడేవాళ్ళు ఏ తెలుగు రాయాలనుకుంటున్నారో వాళ్ళే ఎంచుకుంటారు. పరీక్షకు రాసేవాళ్ళకు ఒక పొర, మా చంద్రపూర్, ఆదిలాబాద్ మాటలకు ఒకటి, శ్రీకాకుళానికి ఒకటి. వేరే పొరలో ఉన్న మాటకు ఎర్రగీత బదులు సన్నటి నీలిగీత పెట్టి, ఇది ఫలానా చోటి మాట అని చెబుదాం. అంటే చెల్లెలికి తెలుస్తుంది, ఎవరి మాటా తప్పు కాదు. ప్రణాలి అప్పుడు మొదటిసారి అతనితో మాట్లాడింది. ‘వస్తుండు, పోతుండు, చేస్తుండు, అన్ని ఒక్కొక్కటి రాసుకుంట కూసుంటరా? రూల్ పెట్టాలె’ అంది. ఇద్దరూ ల్యాప్‌టాప్ ముందు తలలు దగ్గర పెట్టి కూర్చున్నారు. అమ్మను పిలిచి, అతను వస్తే ఏమంటారు, ఆమె వస్తే ఏమంటారు అని అడిగి రాసుకున్నారు. అమ్మకు విసుగొచ్చి వెళ్ళి పడుకుంది.

మర్నాడు బల్లార్షా స్టేషన్‌లో నాగపూర్ బండి కోసం నిలబడ్డప్పుడు రామ్మూర్తిగారు ఇక తప్పుకుంటానని చెప్పారు. ‘ఒత్తు’ను నేనూ కిరణూ చూసుకోవాలట. మేమిద్దరం ఏ విషయంలోనూ కలవమండీ అన్నాను.

“అందుకే. ఇద్దరూ సరేనన్నది మాత్రమే లోపలికి వెళ్ళనివ్వండి,” అన్నారు.

మా వేరు కాపురం అలా ముగిసింది. మా మాటలన్నీ మళ్ళీ ‘ఒత్తు’లోకి వచ్చాయి.

అవతలి కుర్చీ

ప్యాచ్ పంపడం సులభం. చదివే కుర్చీలో కూర్చున్నాకే రామ్మూర్తిగారి ఓపిక ఎంతటిదో తెలిసింది. వద్దని చెప్పడం అన్నిటికన్నా కష్టం. అవతలివాళ్ళు పగలంతా ఉద్యోగం చేసి, పిల్లలకు అన్నం పెట్టి, మిగిలిన కాస్త సమయంలో రాసి పంపినది అది. దాన్ని వద్దనాలి, మళ్ళీ రాయాలనిపించేలా వద్దనాలి. నాకు ఎప్పటికీ పూర్తిగా రాలేదు. కిరణ్‌కు నా కన్నా బాగా వచ్చింది. ఈ మధ్యే నా చోటు ప్రణాలికి ఇచ్చాను. వాళ్ళిద్దరూ ఇప్పుడు నేనూ కిరణూ పోట్లాడుకున్నదానికంటే ఎక్కువ పోట్లాడుకుంటారు. పని బాగా సాగుతోంది.

తప్పుకునే ముందు నేను చదివిన చివరి ప్యాచ్‌లలో ఒకటి సోలాపూర్ నుంచి వచ్చింది. పంపినామె పేరు భాగ్యశ్రీ. ఆమెదీ తెలుగు నేత కుటుంబం, మా పిల్లల్లాగే మరాఠీ చదువు. ఒక దవాఖానాలో చీటీలు రాసే పని చేస్తుంది. మొదట ఫిర్యాదు రాసింది, దేవనాగరి అక్షరాల్లో తెలుగు. ‘మా అమ్మ కండెలు చుడుతది’ అని రాస్తే ప్రోగ్రాం ఎర్రగీత పెట్టి, ‘మా అమ్మ గుండెలు చుడుతది’ అని రాయాలా అని అడుగుతోందట.

కండె అంటే మగ్గానికి కావలసిన నూలును రాట్నం మీద చుట్టే చిన్న పుల్ల. అది ఏ ప్రాంతపు మాటా కాదు, నేసేవాళ్ళందరి మాట. మా నిఘంటువు చేసినవాళ్ళెవరికీ మగ్గం తెలియదు, అంతే. నేను చేర్చాలంటే టీ తాగేలోపు అయిపోతుంది. కానీ ఆమెకు, మీరే చేరుస్తారా, ఎలాగో నేను చెబుతాను అని రాశాను.

ఆమె దగ్గర కంప్యూటర్ లేదు. ఫోన్‌లోనే చేయాలి. మొదటిసారి ఫోను తనంతట తానే ఇంకో మాటను మార్చేసింది, వెనక్కి పంపాను. రెండోసారి మాటను తప్పు చోట పెట్టింది, అదీ వెనక్కి పంపాను. ఆ తర్వాత కొన్నాళ్ళు చప్పుడు లేదు. ఇక రాదేమో, నేనే అనవసరంగా కష్టపెట్టానేమో అని మనసు పీకింది. నేనే చేర్చేద్దామని ఒకసారి ఫైలు తెరిచి, మళ్ళీ మూసేశాను. తర్వాత ఒక ఆదివారం మూడో ప్యాచ్ వచ్చింది. కండె, దానితో పాటు ఇంకొన్ని మగ్గం మాటలు, పడుగు, పేక, నాడె. పరీక్ష కూడా రాసింది. ఆ పరీక్షలో పెట్టిన వాక్యం, ‘మా అమ్మ కండెలు చుడుతది’.

ప్రతి వరుసా చదివాను. అడగడానికి ఏ ప్రశ్నా దొరకలేదు. కిరణ్ కూడా చూసి సరేనన్నాడు. లోపలికి తీసుకున్నాను.

సాయంత్రం ఆమె నుంచి ఒక ఫొటో వచ్చింది. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. ఫోన్ తెర మీద అదే వాక్యం ఉంది. దాని కింద ఏ గీతా లేదు. వెనకాల, కొంచెం మసకగా, ఒకావిడ రాట్నం ముందు కూర్చొని కెమెరా వైపు చూస్తోంది.